కంప్యూటర్‌కు వచ్చే ఇంటర్నెట్‌ను ఫోన్లకు, టీవీకి, మరో కంప్యూటర్‌కు పంచే పద్ధతి: సమగ్ర మార్గదర్శి

ఒకే కేబుల్ వచ్చి ఆగిన చోట నలుగురి ఫోన్లకు నెట్ ఎలా అందించాలన్న ప్రశ్న గుంటూరు బ్రాడీపేటలోని హాస్టల్ గదుల నుంచి, విజయవాడ గవర్నర్‌పేటలోని చిన్న ఆఫీసుల నుంచి పదే పదే వస్తోంది. అడిగేవారిలో చాలామంది ఇప్పటికే ప్రయత్నించి చూసినవారే. హాట్‌స్పాట్ ఆన్ అయింది, ఫోన్ కనెక్ట్ అయింది, అయినా నెట్ రావడం లేదన్నదే ఎక్కువమంది మాట.

ఈ ఇబ్బందిలో అధిక భాగం పంచడానికి ముందే మొదలవుతుంది. నెట్ కంప్యూటర్‌లోకి ఏ దారిన వస్తోందో, ఏ దారిన బయటికి పంపాలో తేల్చుకోకుండా సెట్టింగ్స్ తెరవడమే దానికి కారణం. కాలువలో నీరు నిండుగా ఉన్నా, ఏ తూము తీయాలో తెలియకపోతే చేనుకు చుక్క కూడా చేరదు. అందువల్ల ఈ మార్గదర్శిలో మీటలకంటే ముందు దారుల సంగతి చూద్దాం.

1. ముందుగా తేల్చుకోవలసినది: మీకు ఇది అవసరమా?

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉండి, ఆపరేటర్ బిగించిన పెట్టెలోనే వైఫై ఉంటే కంప్యూటర్ ద్వారా పంచవలసిన పని లేదు. ఆ పెట్టె వైఫైకే ఫోన్లను కలపండి. పెట్టెలో వైఫై లేకపోయినా, ఇంట్లో రోజంతా నెట్ కావలసినవారు నలుగురైదుగురు ఉంటే ఒక రూటర్ కొనుక్కోవడమే మంచిది. కంప్యూటర్ ఆపగానే అందరికీ నెట్ ఆగిపోయే ఏర్పాటు కుటుంబానికి సరిపడదు.

కంప్యూటర్ ద్వారా పంచడం నిజంగా పనికివచ్చే సందర్భాలు ఇవి:

- హాస్టల్ గదిలో గోడకు ఒకే నెట్ సాకెట్ ఉండి, వైఫై అందనప్పుడు.
- దుకాణంలోనో, మిర్చి కమిషన్ కొట్టులోనో ఒక డెస్క్‌టాప్‌కు మాత్రమే కేబుల్ ఉండి, గుమాస్తా ఫోన్‌కు కూడా నెట్ కావలసినప్పుడు.
- లాడ్జిలో లాగిన్ పేజీ ఒక్క పరికరాన్ని మాత్రమే అనుమతిస్తున్నప్పుడు.
- ఫైబర్ తెగిపోయిన రోజు ఒక ఫోన్ డేటాను కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు ఇచ్చి, అక్కడి నుంచి మిగతావాటికి అందించవలసినప్పుడు.

హాస్టల్, ఆఫీసు, లాడ్జి కనెక్షన్లు మీవి కావు. పంచుకునే ముందు వార్డెన్‌ను గాని, యజమానిని గాని అడిగి అనుమతి తీసుకోండి. మీ హాట్‌స్పాట్ ద్వారా ఎవరు ఏమి చేసినా, అవతలి నెట్‌వర్క్‌కు అది మీ కంప్యూటర్ చేసినట్టుగానే కనిపిస్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే పాస్‌వర్డ్ ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో మీకే తెలుస్తుంది.

2. వచ్చే దారి, పంపే దారి

ఒక కాగితం తీసుకొని రెండు వాక్యాలు రాసుకోండి: "నాకు నెట్ దీని ద్వారా వస్తోంది." "నేను దీని ద్వారా పంపబోతున్నాను." ఈ రెండు చోట్లా ఏమి రాశారన్నదాన్ని బట్టే మిగతా పని నిర్ణయమవుతుంది.

కేబుల్ ద్వారా వచ్చి వైఫై ద్వారా వెళ్లడం అన్నిటికంటే నమ్మకమైన ఏర్పాటు. రెండు దారులూ వేరు కాబట్టి ఒకదానికొకటి అడ్డు రావు.

వైఫై ద్వారా వచ్చి వైఫై ద్వారానే వెళ్లడం విండోస్‌లో చాలా ల్యాప్‌టాప్‌లకు సాధ్యమే. కాని ఒకే రేడియో తీసుకోవడమూ ఇవ్వడమూ వంతులవారీగా చేయవలసి వస్తుంది కనుక వేగం సగానికో, అంతకంటే తక్కువకో పడిపోతుంది. వీడియో క్లాసులు చూడాలనుకునేవారు ఈ పద్ధతిని ఆఖరి ప్రయత్నంగానే ఉంచుకోవాలి.

వైఫై ద్వారా వచ్చి కేబుల్ ద్వారా వెళ్లడం వైఫై లేని పాత డెస్క్‌టాప్‌కో, టీవీకో నెట్ ఇవ్వడానికి పనికివస్తుంది. దీనికి మొబైల్ హాట్‌స్పాట్ మీట ఉపయోగపడదు. ఐదో భాగంలోని పద్ధతి కావాలి.

కేబుల్ ద్వారా వచ్చి మరో కేబుల్ ద్వారా వెళ్లాలంటే కంప్యూటర్‌కు రెండు నెట్ పోర్టులు ఉండాలి. సాధారణంగా ఒకటే ఉంటుంది. రెండోదానికి యూఎస్‌బీకి తగిలించే ల్యాన్ అడాప్టర్ తీసుకోవాలి. అలాగే వైఫై లేని డెస్క్‌టాప్ నుంచి ఫోన్లకు పంపాలంటే యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనాలి. కొనేటప్పుడు అది హాట్‌స్పాట్‌గా కూడా పనిచేస్తుందా అని షాపులో అడగండి. నెట్‌ను తీసుకోగలిగిన డాంగిల్ అయినంత మాత్రాన ఇవ్వగలదని అనుకోవద్దు.

3. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

- కంప్యూటర్‌లోనే బ్రౌజర్ తెరిచి రెండు మూడు సైట్లు చూడండి. ఇక్కడే నెట్ రాకపోతే పంచడానికి ఏమీ లేదు.
- లాగిన్ పేజీ ఉన్న కనెక్షన్ అయితే ముందుగా కంప్యూటర్‌లోనే లాగిన్ పూర్తి చేయండి.
- వీపీఎన్ (నెట్‌ను మరో సర్వర్ గుండా మళ్లించే యాప్) నడుస్తుంటే ప్రస్తుతానికి ఆపండి.
- విమాన గుర్తు ఉన్న మోడ్ ఆఫ్‌లో, వైఫై ఆన్‌లో ఉండాలి. కేబుల్ ద్వారా నెట్ వస్తున్నా సరే, హాట్‌స్పాట్‌కు వైఫై రేడియో పనిచేస్తూ ఉండాలి.
- ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టండి.
- కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లాగిన్ అవ్వండి.
- విండోస్ అప్‌డేట్లు పూర్తి చేయండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇతరుల నెట్ అంతా మీ కంప్యూటర్ గుండా వెళ్లబోతోంది కాబట్టి, ఇంకా దానిమీదే ఉన్నవారు ఈ సంగతి తేలికగా తీసుకోవద్దు.

కొందరు సర్వీస్ ప్రొవైడర్ల కనెక్షన్‌కు కంప్యూటర్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి "డయల్" చేయవలసి ఉంటుంది. మీది అలాంటిదైతే గుర్తుపెట్టుకోండి. అప్పుడు నెట్ వచ్చే దారి గోడ నుంచి వచ్చిన కేబుల్ కాదు, ఆ కేబుల్ మీద ఏర్పడిన డయల్ కనెక్షన్. తర్వాత ఎంపిక చేసేటప్పుడు ఈ తేడా ముఖ్యం.

4. విండోస్‌లో మొబైల్ హాట్‌స్పాట్: వరుసగా చేయవలసినవి

విండోస్ 10, 11 రెండింటిలోనూ ఇది ఉంది. మాటలు కొద్దిగా మారవచ్చు గాని వరుస ఒక్కటే.

మొదటి మెట్టు: సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, మొబైల్ హాట్‌స్పాట్ ఎంచుకోండి. మీట మీద ఇప్పుడే చేయి వేయవద్దు.

రెండో మెట్టు: "షేర్ మై ఇంటర్నెట్ కనెక్షన్ ఫ్రమ్" అన్న చోట మీరు కాగితం మీద రాసుకున్న మొదటి దారిని ఎంచుకోండి. కేబుల్ అయితే ఈథర్నెట్, డయల్ కనెక్షన్ అయితే దాని పేరు. ఫోన్‌ను యూఎస్‌బీతో కలిపినప్పుడు అది కూడా సాధారణంగా ఈథర్నెట్ పేరుతోనే కనిపిస్తుంది. రెండు ఈథర్నెట్‌లు ఉంటే ఫోన్ వైర్ తీసి, ఏ పేరు మాయమైందో చూసి గుర్తించండి.

మూడో మెట్టు: "షేర్ ఓవర్" అన్న చోట వైఫై ఉంచండి. అక్కడ బ్లూటూత్ కూడా కనిపిస్తుంది గాని దాని వేగం పాఠాలకు, వీడియోలకు చాలదు.

నాలుగో మెట్టు: ఎడిట్ నొక్కి పేరు, పాస్‌వర్డ్ మార్చండి. పేరులో మీ గది నంబరు, ఫోన్ నంబరు పెట్టవద్దు. పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు తప్పనిసరి, 12కు తగ్గకుండా పెట్టుకోవడం మంచిది. అక్షరాలు, అంకెలు కలపండి. పుట్టిన తేదీ వద్దు.

ఐదో మెట్టు: అదే చోట బ్యాండ్, అంటే వైఫై నడిచే తరంగాల శ్రేణి, ఎంచుకోండి. పాత ఫోన్లు ఉన్నా, పక్క గదికి నెట్ చేరాలన్నా 2.4 గిగాహెర్ట్జ్. అన్నీ కొత్త ఫోన్లై ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్. హాస్టళ్లు పక్కపక్కనే ఉండే బ్రాడీపేట, అరండల్‌పేట వంటి చోట్ల 2.4లో రద్దీ ఎక్కువ కాబట్టి, గదిలోని ఫోన్లన్నీ పట్టుకోగలిగితే 5 మేలు. ఇటుక గోడ దాటగానే 5 బలహీనపడుతుందన్నది మాత్రం మరవకండి.

ఆరో మెట్టు: ఇప్పుడు మీట ఆన్ చేయండి. ఫోన్‌లో వైఫై తెరిచి, మీరు పెట్టిన పేరును ఎంచుకొని, పాస్‌వర్డ్ ఇవ్వండి.

ఏడో మెట్టు: కంప్యూటర్ తెరమీద ఆ ఫోన్ పేరు జాబితాలో కనిపించాలి. మొత్తం 8 పరికరాల వరకు కలుస్తాయి. ముందు ఒక్క ఫోన్‌తోనే పరీక్షించి, అది సరిగ్గా నడిచాకే మిగతావారికి పాస్‌వర్డ్ చెప్పండి. నలుగురు ఒకేసారి కలిస్తే లోపం ఎక్కడుందో పట్టుకోవడం కష్టం.

5. కేబుల్ ద్వారా మరో కంప్యూటర్‌కు, టీవీకి పంచడం

ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. కారణం చెబుతాను.

కొన్నేళ్ల క్రితం గుంటూరులో ఒక ఆఫీసులో, ల్యాప్‌టాప్‌కు వైఫైలో వస్తున్న నెట్‌ను పక్క డెస్క్‌టాప్‌కు ఇవ్వమని నన్ను అడిగారు. సెట్టింగ్ సరిగ్గానే చేశాను. కాని కేబుల్ రెండో కొసను డెస్క్‌టాప్‌కు కాకుండా, ఆఫీసు కంప్యూటర్లన్నీ కలిసే స్విచ్‌లో పెట్టాను. కాసేపటికి ఒక్కొక్క బల్ల దగ్గర నుంచి నెట్ పోయిందన్న మాట వినబడసాగింది. నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఒక అంకెల చిరునామా (ఐపీ) కావాలి; ఆఫీసు రూటర్ ఇవ్వవలసిన ఆ చిరునామాలను నా ల్యాప్‌టాప్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పూట వాళ్ల పని ఆగిపోయింది. తప్పు నాదే.

విండోస్ ఇలా పంచినప్పుడు పంపే దారికి 192.168.137.1 అన్న చిరునామా పెట్టుకొని, ఆ దారిలో కలిసిన ప్రతి పరికరానికీ తానే చిరునామాలు పంచుతుంది. అందువల్ల ఆ దారిలో మరో రూటర్ ఉండకూడదు. కేబుల్ నేరుగా రెండో పరికరానికి వెళ్లాలి, లేదా ఆ పరికరాలు మాత్రమే ఉన్న వేరే స్విచ్‌కు వెళ్లాలి.

చేయవలసిన వరుస ఇది:

- కంప్యూటర్‌లో విండోస్ మీటనూ ఆర్ అక్షరాన్నీ కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో ఎన్, సీ, పీ, ఏ, చుక్క, సీ, పీ, ఎల్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాలలో, ఖాళీలు లేకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. కనెక్షన్ల జాబితా తెరుచుకుంటుంది.
- నెట్ వచ్చే దారి మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. పంపే దారి మీద కాదు. అందరూ పొరబడేది ఇక్కడే.
- షేరింగ్ ట్యాబ్‌లో, ఇతరులు ఈ కంప్యూటర్ ద్వారా కనెక్ట్ కావచ్చునన్న మొదటి గడిలో టిక్ పెట్టండి.
- దాని కింద జాబితా కనిపిస్తే, పంపే దారిని ఎంచుకోండి.
- రెండో గడిలో, ఇతరులు ఈ కనెక్షన్‌ను నియంత్రించవచ్చునన్న చోట, టిక్ తీసేయండి.
- ఓకే నొక్కి, అప్పుడు కేబుల్ తగిలించండి.
- రెండో కంప్యూటర్‌లో, టీవీలో చిరునామా సెట్టింగ్‌ను ఆటోమేటిక్‌గానే ఉంచండి.

కేబుల్ గురించి ఒక మాట. రెండు కంప్యూటర్లను నేరుగా కలపడానికి ప్రత్యేకమైన క్రాస్ కేబుల్ కావాలని ఇప్పటికీ కొందరు అంటారు. గిగాబిట్ పోర్టులున్న యంత్రాలకు మామూలు కేబులే చాలు.

పాత రూటర్ ఒకటి ఇంట్లో ఉంటే, దాన్ని ఈ కేబుల్‌కు కలిపి వైఫై వెదజల్లే పెట్టెగా వాడుకోవచ్చు. అప్పుడు రూటర్‌లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపి, కేబుల్‌ను రూటర్‌లోని ల్యాన్ రంధ్రంలో (ఇంటి పరికరాలకు ఉద్దేశించినది) పెట్టాలి, వ్యాన్ రంధ్రంలో (బయటి నెట్ వచ్చేది) కాదు.

6. ఫోన్ డేటాను కంప్యూటర్ ద్వారా పంచేటప్పుడు

ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, వైర్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఆపైన నాలుగో భాగంలోని మెట్లన్నీ అలాగే చేయండి. డేటా ఇచ్చే వైర్ కావాలి. ఛార్జింగ్ మాత్రమే అయ్యే వైర్‌తో టెథరింగ్ మీట వెలగదు.

మరవకూడని పని ఒకటుంది. కంప్యూటర్‌లో ఆ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిచి "మీటర్డ్ కనెక్షన్" (డేటాకు పరిమితి ఉన్న కనెక్షన్) ఆన్ చేయండి. లేకపోతే రోజుకు 1.5 జీబీ ప్యాక్ అంతా విండోస్ అప్‌డేట్‌కే ఖర్చయిపోయి, మధ్యాహ్నానికల్లా నెట్ నత్తనడకన సాగుతుంది. కలిసిన ఫోన్లలో కూడా ఈ హాట్‌స్పాట్‌ను మీటర్డ్‌గా పెట్టించండి. యాప్‌ల అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ వాటిలో కూడా వెనకాల నడుస్తూనే ఉంటాయి.

7. మ్యాక్, లైనక్స్ వాడేవారికి

మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, షేరింగ్ అన్న వరుసలో వెళితే ఇంటర్నెట్ షేరింగ్ కనిపిస్తుంది. వచ్చే దారి, పంపే దారి రెండూ అక్కడే ఎంచుకోవాలి. వైఫై ద్వారా వచ్చేదాన్ని మళ్లీ వైఫై ద్వారా పంచడం మ్యాక్‌లో కుదరదు. కేబుల్ తప్పదు.

ఉబుంటు వంటి వాటిలో వైఫై సెట్టింగ్స్ మెనూలో హాట్‌స్పాట్ ఆన్ చేసే ఎంపిక ఉంటుంది. అక్కడ కూడా అదే వైఫై ద్వారా నెట్ వస్తుంటే అది తెగిపోతుంది. కేబుల్ ద్వారా పంచాలంటే ఆ కనెక్షన్ ఐపీవీ4 (చిరునామా) సెట్టింగ్‌లో "షేర్డ్ టు అదర్ కంప్యూటర్స్" ఎంచుకుంటే చాలు.

8. పనిచేయనప్పుడు: ఏ లక్షణానికి ఏ చికిత్స

వరుస తప్పకుండా, ఒకసారికి ఒకే మార్పు చేసి పరీక్షించండి.

ఫోన్‌లో హాట్‌స్పాట్ పేరే కనిపించకపోతే, బ్యాండ్‌ను 2.4కు మార్చండి. ఫోన్ పాతదైతే ఎక్కువగా ఇదే కారణం.

పేరు కనిపించి, చిరునామా తీసుకుంటున్నట్టు చూపుతూ అక్కడే ఆగిపోతే, కంప్యూటర్‌లో విడిగా వేసుకున్న యాంటీవైరస్ ఫైర్‌వాల్‌ను ఐదు నిమిషాలు ఆపి చూడండి. దానితో కుదిరితే అందులో ఈ నెట్‌వర్క్‌కు అనుమతి ఇచ్చి, ఫైర్‌వాల్‌ను మళ్లీ ఆన్ చేయండి. ఆపి వదిలేయవద్దు. కుదరకపోతే సర్వీసెస్ జాబితాలో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అన్నది డిసేబుల్ అయి ఉందేమో చూసి, ఆటోమేటిక్ చేసి, స్టార్ట్ నొక్కండి. రెండో పరికరం చిరునామా 169.254తో మొదలైతే, దానికి చిరునామా ఇచ్చేవారు దొరకలేదని అర్థం. అప్పుడు కూడా చూడవలసినవి ఇవే.

కనెక్ట్ అయి నెట్ రాకపోతే, తొంభై పాళ్లు వచ్చే దారి ఎంపికే తప్పు. డయల్ కనెక్షన్ ఉన్నవారు ఈథర్నెట్‌ను పంచి ఉంటారు. ఉదయం కేబుల్‌తో పెట్టుకొని, మధ్యాహ్నం వైఫైకి మారినవారు పాత ఎంపికనే ఉంచి ఉంటారు. హాట్‌స్పాట్ ఆపి, దారి మార్చి, మళ్లీ ఆన్ చేయండి. డయల్ కనెక్షన్ పేరు ఆ జాబితాలో రాకపోతే, ఐదో భాగంలో చెప్పిన షేరింగ్ ట్యాబ్ ద్వారా ప్రయత్నించండి. అది కూడా కుదరకపోతే ఆ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లను ఒక రూటర్‌లో పెట్టించడమే దారి.

కొన్ని యాప్‌లు నడిచి, సైట్లు తెరుచుకోకపోతే, ఫోన్‌లో ఆ వైఫైకి డీఎన్ఎస్‌ను (సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే సేవను) 8.8.8.8 గాని 1.1.1.1 గాని పెట్టి చూడండి.

కాసేపు నడిచి దానంతటదే ఆగిపోతే, మూడు చోట్ల చూడాలి. హాట్‌స్పాట్ పేజీలోని పవర్ సేవింగ్‌ను ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే ఎవరూ కలిసి లేని సమయంలో హాట్‌స్పాట్ ఆగిపోతుంది. పవర్ సెట్టింగ్స్‌లో ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు నిద్రలోకి వెళ్లకుండా, మూత మూసినా ఏమీ చేయకుండా మార్చండి. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో విద్యుత్తు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చునన్న గడిలో టిక్ తీసేయండి.

రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ కేబుల్ ద్వారా పంచడం ఆగిపోతే, షేరింగ్ ట్యాబ్‌లో టిక్ తీసి, ఓకే నొక్కి, మళ్లీ టిక్ పెట్టండి. విండోస్‌లో ఇది చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే. మీ కంప్యూటర్ పాడైందని కంగారు పడవద్దు.

9. రోజూ నడిపేటప్పుడు

మే నెలలో బెజవాడ ఎండకు స్లాబు కింద గదిలో, మూత మూసిన ల్యాప్‌టాప్ రోజంతా హాట్‌స్పాట్‌గా పనిచేస్తే చాలా వేడెక్కుతుంది. పరుపు మీద, దిండు మీద పెట్టవద్దు. గట్టి బల్ల మీద, గాలి ఆడేలా, వీలైతే మూత కొద్దిగా తెరిచి ఉంచండి.

కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచినా, ఫైబర్ పెట్టె ఆగిపోతే నెట్ ఉండదు. ఆ పెట్టెను కూడా ఇన్వర్టర్ లైనులోకి మార్పించుకోండి.

వారానికోసారి చూసుకోవలసినవి:

- జాబితాలో మీరు గుర్తుపట్టని పరికరం ఉందా? ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.
- గది ఖాళీ చేసి వెళ్లినవారి దగ్గర పాస్‌వర్డ్ ఉందా? ఉంటే అప్పుడు కూడా మార్చండి.
- కంప్యూటర్‌లో ఫోల్డర్ల షేరింగ్ తెరిచి ఉందా? హాట్‌స్పాట్‌లో కలిసినవారికి అవి కనిపించే అవకాశం ఉంది కాబట్టి ఆపేయండి.

మీరే గది మారుతున్నప్పుడు, ల్యాప్‌టాప్ సర్దే ముందు షేరింగ్ ట్యాబ్‌లో టిక్ తీసేయండి. ఆ తర్వాత పంపే దారిగా వాడిన ల్యాన్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 తెరిచి చూడండి. కొన్నిసార్లు 192.168.137.1 అక్కడే ఉండిపోతుంది. దాన్ని ఆటోమేటిక్‌కు మార్చకుండా వెళితే కొత్త చోట కేబుల్ పెట్టినా నెట్ రాదు.